చాకు మీద రాజు

నా దగ్గర ఒక పాత మడత చాకు ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో పాత సామాన్ల సంతలో కొన్నాను. అలుగు మొదట్లో, కీలు పక్కన, తుప్పు కింద ఏవో అక్షరాలు కనిపించాయి. (అలుగు అంటే కత్తిలో కోసే రేకు. మన ఇంట్లో ఎవరూ వాడగా నేను వినలేదు, నిఘంటువులో దొరికింది. మంచి మాట.)

ముందు ఒక నక్షత్రం, పక్కన మాల్టా సిలువ. అది షెఫీల్డ్ ఊరి జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ గుర్తు. ఆ గుర్తుకి ఎంత పేరంటే, వేరేవాళ్లు దొంగ ముద్రలు కొట్టి అమ్ముకునేవాళ్లు. 1851 లండన్ ప్రదర్శనలో ఈ కంపెనీ పెట్టిన నార్ఫోక్ చాకుకి 75 అలుగులు!

గుర్తు పైన ఒక కిరీటం, దానికి అటు 'జి', ఇటు 'ఆర్'. అంటే జార్జి రాజు. కానీ ఏ జార్జి? ఈ కంపెనీకి రాజుగారి కత్తులవాళ్లు అనే హోదా 1822లో వచ్చింది, అప్పుడు నాలుగో జార్జి. తర్వాత విక్టోరియా రాణి కాలంలో 'వి ఆర్' కొట్టారు. 1901 నుంచి ఎడ్వర్డ్ పేరుతో 'ఇ ఆర్'. 1910లో మళ్లీ 'జి' వచ్చింది.

నాకు దారి చూపించింది చిన్న మాట: షెఫీల్డ్ తర్వాత 'ఇంగ్లండ్' అని ఉంది. 1890లో అమెరికా మెకిన్లీ సుంకం చట్టం తెచ్చింది. బయటినుంచి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలంది. అప్పటినుంచి షెఫీల్డ్‌వాళ్లు దేశం పేరు కొట్టడం మామూలయింది. కాబట్టి నాది 1910కీ 1952కీ మధ్య చాకు. ఐదో జార్జో, ఆరో జార్జో మాత్రం ముద్ర చెప్పదు.

ఇది తుప్పు పట్టే పాత ఉక్కు. హ్యారీ బ్రియర్లీ అదే ఊళ్లో 1913లో స్టెయిన్‌లెస్ ఉక్కు కనిపెట్టాడు గానీ, జేబు చాకులకి పాత ఉక్కు చాలాకాలం నడిచింది. పుల్లమామిడి కోస్తే నల్లబడుతుంది, ముక్కకి ఇనుము రుచి వస్తుంది.

బాగుచేయడం దగ్గర నాకూ మా బాబాయికీ గొడవ. "మిషన్ చక్రం మీద పెట్టరా, అద్దంలా మెరుస్తుంది," అంటాడు. మెరుస్తుంది, నిజమే. కానీ ఆ ముద్ర లోతు వెంట్రుకంత కూడా లేదు. చక్రం దాన్ని తినేస్తే ఇక ఏ రాజూ లేడు, ఏ ఊరూ లేదు. పైగా ఈ చాకుని సానపట్టినవాడి పేరు ఎలాగూ దీనిమీద లేదు. షెఫీల్డ్‌లో సానపట్టేవాళ్లు రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయేవాళ్లు. వాళ్ల పని తాలూకు గీతలు అలుగు మీద ఇంకా సన్నగా కనిపిస్తున్నాయి. వాటిని నేను చెరపను.

అందుకని నూనె వేసి రెండు రోజులు వదిలేశాను. ఎర్ర తుప్పుని సన్నటి ఉక్కు పీచుతో మెల్లగా తీశాను. నల్లటి పొర జోలికి పోలేదు, అది ఉక్కుని కాపాడుతుంది. కీలులో మురికి అగ్గిపుల్లతో లాగాను. పిడి జింక కొమ్ము, నీళ్లలో నానబెడితే పాడవుతుంది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను. ఇప్పుడు తెరిస్తే స్ప్రింగ్ టక్కుమంటోంది.

పదును ఇంకా పెట్టలేదు. పెట్టిన ప్రతిసారీ అలుగు కొంచెం అరుగుతుంది, ఇది ఇప్పటికే సన్నబడింది. బాబాయి మాత్రం సానరాయి కొని పంపించాడు.