మనుషులు మెతుకులు కారు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కెలకనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. పండితులు దీన్నే స్థాలీపులాక న్యాయం అన్నారు. వంటింట్లో ఈ న్యాయానికి తిరుగులేదు. ఒకే కుండ, ఒకే నీళ్ళు, ఒకే మంట కాబట్టి ఒక మెతుకు మిగతా మెతుకులకు సాక్ష్యం చెబుతుంది. ఆ న్యాయాన్ని మనుషుల మీదికి తెచ్చినప్పుడే అన్యాయం మొదలవుతుంది. తెలంగాణ ముస్లింలమైన మాకు ఈ సంగతి పుస్తకాలు చదివి తెలిసింది కాదు. డెబ్బై అయిదేళ్ళు దాటినా మా మీద అదే న్యాయం నడుస్తోంది. మా కుండలోంచి పట్టి చూసిన ఆ ఒక్క మెతుకు పేరు రజాకార్.

రజాకార్ అంటే ఉర్దూలో స్వచ్ఛంద సేవకుడు. తెలుగులో ఆ మాట తిట్టయింది. కావడానికి కారణాలున్నాయి. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. ఇళ్ళు తగలబెట్టారు, దోచుకున్నారు, ఆడవాళ్ళను చెరిచారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో నిజాం బలగాలతో కలిసి పదుల మందిని కాల్చి చంపారు. దీన్ని మేము దాచం. తగ్గించి చెప్పం. మా అభ్యంతరం ఆ నేరాలను చెప్పుకోవడం మీద కాదు. చేసినవాళ్ళను వదిలేసి, వాళ్ళ పేర్లలాంటి పేర్లున్న అందరి లెక్కలో ఆ నేరాలు రాయడం మీద.

ఈ లెక్క మొదలుపెట్టింది మాత్రం బయటివాళ్ళు కారు. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 'అనల్ మాలిక్' అనే మాటను ప్రచారంలో పెట్టింది. నేనే పాలకుణ్ణి అని దాని అర్థం. అంటే గద్దె మీద ఉన్నది ఒక్క నిజాం కాదు, ప్రతి ముస్లిమూ ఆ పాలనలో వాటాదారేనని. 1941 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ రాజ్యంలో ముస్లింలు సుమారు పదమూడు శాతం. అందులో జాగీర్లు, దేవిడీలు ఉన్నవాళ్ళు ఎందరు? మిగతావాళ్ళు దూది ఏకేవాళ్ళు, గిన్నెలకు కళాయి పోసేవాళ్ళు, టాంగా తోలేవాళ్ళు, మగ్గం మీద కూర్చునేవాళ్ళు, కౌలుకు దున్నేవాళ్ళు. పూట గడవని దూదేకులాయన చేతికి కనబడని కిరీటం ఒకటి ఇచ్చి, నువ్వూ రాజువే పొమ్మన్నారు. రాజ్యం పోయాక ఆ కిరీటాన్నే సాక్ష్యంగా చూపి ఆయనకు శిక్ష వేశారు. ముస్లింలంతా పాలకులేనని మజ్లిస్ అన్నది, ముస్లింలంతా రజాకార్లేనని తర్వాతి వాళ్ళు అన్నారు. రెండు మాటలూ ఒకే అచ్చులో పోసినవి.

ఆ అచ్చులో ఇమడని మనుషుల్ని ఇప్పుడు చూద్దాం.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏలుబడిలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేదరైతు తన భూమి కోసం కోర్టుకెక్కి కొట్లాడాడు. దేశ్‌ముఖ్ గూండాలు అతన్ని నరికి చంపారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడానికి ముందు మాట ఇది. తర్వాత 'మా భూమి' నాటకానికి బందగీ కథే ప్రేరణ అయింది. మెదక్ జిల్లా అందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో కవిత్వం రాస్తూనే నిజాంకు ఎదురు నిలిచిన కమ్యూనిస్టు.

షోయబుల్లా ఖాన్ సంగతి మా పత్రికల వాళ్ళకు మరీ దగ్గరిది. ఆయన పనిచేసిన ఒక ఉర్దూ పత్రిక 'రయ్యత్'. దాని సంపాదకుడు మందుముల నర్సింగరావు. ఉర్దూ అంటే తురకల భాష అనేవాళ్ళు ఈ ఒక్క పేరు దగ్గర ఆగి ఆలోచించాలి. రయ్యత్ మూతపడ్డాక షోయబుల్లా సొంతంగా 'ఇమ్రోజ్' పెట్టాడు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుంటే దారికాచి కాల్చారు, రాసే చెయ్యి నరికారు. ముప్పై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. రజాకార్లకు ఆయన గద్దార్. మరి రజాకార్లను తిట్టేవాళ్ళకు ఆయన ఎవరు? అసలు గుర్తున్నాడా? ముస్లింలంతా ఒకటే అన్నవాడి లెక్కలో షోయబుల్లాకూ ఆయన్ని చంపినవాడికీ తేడా లేదు. హత్యకు గురైన మనిషిని హంతకుడి జట్టులో చేర్చే లెక్క అది.

ఈ లెక్క వల్ల లాభపడినవాళ్ళూ ఉన్నారు. రజాకార్లకు గడీల్లో విడిది ఇచ్చి, సంఘం వాళ్ళ ఇళ్ళు చూపించిన దొరలు ఎందరో ఉన్నారు. ఊళ్ళు తిరగబడితే పట్నం పారిపోయినవాళ్ళు సైన్యం వెనకాల ఖద్దరు టోపీలతో తిరిగొచ్చారు. నేరమంతా ఒక మతం పేరున జమ అయ్యాక, వాళ్ళ పేరున రాయడానికి చిట్టాలో చోటే లేకపోయింది. తొందరపాటు తీర్పు అమాయకుణ్ణి శిక్షించడంతో ఆగదు, దోషిని కూడా దాచిపెడుతుంది.

1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై 17న నిజాం లొంగిపోవడంతో ముగిసింది. ఊళ్ళలో మాత్రం ముగియలేదు. జరిగింది తెలుసుకోవడానికి కేంద్రం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని వాళ్ళు అంచనా వేశారు. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంలో అచ్చయింది. చనిపోయినవాళ్ళలో రజాకార్లెవరో, కళాయి పోసేవాడెవరో ఎవరు విడదీసి చూశారు? పేరు చూశారు, గడ్డం చూశారు, తీర్పు ఇచ్చారు.

అయితే ఆ నివేదికలోనే మేము చదవాల్సిన పేజీ కూడా ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల సంగతి అందులో రాశారు. ముఖ్యంగా కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి తామే ప్రాణాలు పోగొట్టుకున్నారని రాశారు. తెలుగులో కొందరు 'విమోచన' అనే ఆ రోజుల్ని ఉర్దూలో 'సుఖూతె హైదరాబాద్' అంటారు, హైదరాబాద్ పతనమని. ఆ పతనం కథ చెప్పేటప్పుడు మావాళ్ళు కొందరు ఊరంతా కత్తి పట్టిందనేస్తారు. ఆ మాట అన్నప్పుడు మగ్గం పక్కన మగ్గం వేసుకుని బతికి, అడ్డం నిలబడి చచ్చిపోయిన ఆ నేతగాళ్ళను మేమూ హంతకుల్లో కలిపేసినట్టే.

అదే 1948లో గాంధీని గాడ్సే చంపితే మహారాష్ట్రలో బ్రాహ్మణుల ఇళ్ళు తగలబెట్టారు. అదీ ఈ మెతుకు న్యాయమే. మనవాడు తప్పు చేస్తే వాడి బుద్ధి, ఎదుటివాడు చేస్తే వాళ్ళ జాతి! ఏ కులమైనా ఏ మతమైనా ఈ రెండు తూనికరాళ్ళూ ఇంట్లో ఉంచుకుంటూనే ఉంది.

2022లో సెప్టెంబరు 17ను కేంద్రం విమోచన దినమని, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమని వేర్వేరుగా జరిపాయి. పేరు ఏదైనా పెట్టుకోండి. ఆ రోజు బైరాన్‌పల్లి మృతుల్ని తలచుకోవాలి. మేమూ తలచుకుంటాం. పక్కనే షోయబుల్లాను, బందగీని, బీదర్ ఊళ్ళలో చచ్చిపోయిన పేరు తెలియని ముస్లింలను, వాళ్ళను కాపాడబోయిన నేతగాళ్ళను కూడా తలచుకోండి. మాకు మంచివాళ్ళన్న సర్టిఫికెట్ అక్కర్లేదు. మాలో మంచివాళ్ళున్నారు, చెడ్డవాళ్ళున్నారు, ఏదీ కాని మామూలు వాళ్ళు అందరికంటే ఎక్కువమంది ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే. ఎవరు చేశారు, ఏ ఊళ్ళో, ఏ రోజున, ఎవరి అండతో, ఎవరి లాభం కోసం? విలేకరి ప్రతి వార్తకూ వేసుకోవాల్సిన ప్రశ్నలే ఇవి. మా దగ్గరికి వచ్చేసరికి వాటిని పక్కన పెట్టకండి.