నిలువ నీడకు నగరపు పద్దు

హైదరాబాదు శివారున నున్న ప్రగతి నగర్ నుండి కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీకి చేరి, రాయదుర్గము దాటి గోలకొండ వైపు సాగిపోవు దారిలో, ఆకాశమునంటు అద్దాల మేడలకు అనతిదూరమున, షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఒకటి నేటికిని నిలిచియున్నది. దూరదేశముల నుండి గోలకొండకు వచ్చు వర్తకులును బాటసారులును రాత్రి విడిది చేయుటకై కట్టిన రాతి కట్టడమది. నగరమునకు తూర్పున, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియగు హయాత్ బక్షీ బేగము పేర వెలసిన హయాత్‌నగరములో, మసీదు చుట్టును నూటికి మించిన గదులతో మరియొక సరాయి కలదు. ఊరికి వచ్చినవానికి తల దాచుకొను తావు చూపుట పాలకుల బాధ్యతయని ఈ నేల ఏనాడో అంగీకరించినదనుటకు ఈ రెండును సాక్ష్యములు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి వేలాది ప్రాణములను పొట్టన పెట్టుకొని, అంతకు మించిన సంఖ్యలో కుటుంబములను వీధిపాలు చేసినపుడు, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు చోటిచ్చి అన్నము పెట్టించెను. ఆపద వేళ అన్నము పెట్టిన ప్రభువులు చరిత్రలో పెక్కుమంది కలరు గాని, హైదరాబాదు చేసిన విశేషమైన పని అటుపిమ్మటిది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణ పథకమును రచించెను. 1912లో ఆరాయిష్-ఎ-బల్దా అను నగరాభివృద్ధి సంఘము ఏర్పడి, ఇరుకు వాడలను తొలగించి పేదలకు గాలియు వెలుతురును గల ఇండ్లు కట్టించెను. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయములు పూర్తియయ్యెను. ఒకనాటి కరుణ ఒక శాశ్వత సంస్థగా రూపొందుటయే, ఏటేటా ద్రవ్యము కేటాయింపబడు కర్తవ్యముగా మారుటయే, ఆ కథలో మనము నేర్వవలసిన పాఠము.

స్వతంత్ర భారతమున ఈ కర్తవ్యమును గుర్తు చేసినది న్యాయస్థానము. 2009 డిసెంబరులో, ఎముకలు కొరుకు చలిలో, ఢిల్లీ పూసా రోడ్డునందలి తాత్కాలిక ఆశ్రయమొకటి కూల్చివేయబడగా, 2001 నుండి విచారణలోనున్న ఆహార హక్కు వ్యాజ్యములో భాగముగా సర్వోన్నత న్యాయస్థానము ఆ విషయమును చేపట్టి, పెద్ద నగరములలో లక్ష జనాభాకొకటి చొప్పున, రేయింబవళ్లు తెరచియుండు ఆశ్రయములను నెలకొల్పవలెనని 2010లో ఆదేశించెను. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషను ఈ నియమమునే స్వీకరించి, ఒక్కొక్క ఆశ్రయములో కనీసము 50 మందికి, మనిషికి 50 చదరపు అడుగుల వంతున చోటుండవలెనని నిర్దేశించినది. 2011 లెక్కల ప్రకారము గ్రేటర్ హైదరాబాదు జనాభా 67 లక్షలు దాటినది. అనగా 67 ఆశ్రయములు కావలెను. అందులో సగమైనను ఏర్పడలేదు.

ఇందుకు మూలము పద్దులోనే కలదు. గోడలు లేపుట ఒకసారి చేయు ఖర్చు. కాపలాదారుని జీతము, నీరు, కరెంటు, మరుగుదొడ్ల శుభ్రత, దుప్పట్ల ఉతుకు, స్త్రీలకు ప్రత్యేక రక్షణ, ఇవి నెలనెలా తప్పనివి. మిషను నిర్వహణ సాయము కొన్నేండ్లకే పరిమితమైనది. ఆ గడువు ముగిసిన పిమ్మట ఆ భారమును మోయవలసినది స్థానిక సంస్థయే.

పద్దు లేనిచోట ఏమి జరుగునో హైటెక్ సిటీ సీమయగు సైబరాబాదు స్వయముగా చూచినది. 2017 నవంబరులో మాదాపూరున ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరుగు ముందు, నగరమున భిక్షాటనను నిషేధించి, భిక్షకులను చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారముల ఆవరణలలోని ఆశ్రమములకు తరలించిరి. 2020లో లాక్‌డౌను వచ్చినపుడు, ఇచటి అద్దాల మేడలను కట్టిన పరరాష్ట్ర కార్మికులకు ప్రభుత్వము తలకు 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినది. అయినను మే 1వ తేదీన దేశములోని మొట్టమొదటి శ్రామిక రైలు సుమారు 1,200 మందితో జార్ఖండునందలి హటియాకు బయలుదేరినది మన లింగంపల్లి నుండియే. పని ఆగిన మరుక్షణమే నిలువ నీడ లేకపోవు బ్రతుకులు ఎన్ని ఈ సీమలో కలవో ఆ రైలు లోకమునకు చాటినది.

ప్రగతి నగర్ 2019 వరకు గ్రామ పంచాయతీ. ఆ ఏడు నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసినది. నగరమైన ఊరు నగరపు బాధ్యతలను కూడ తలకెత్తుకొనవలెను. దీనికి కొత్త దారి వెదకనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము మూలమున మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు పుస్తకముల కొరకు చేరుచున్నవి. చదువరికొక నీడ కావలెనని తలచిన సమాజము, అడ్డా మీద పని దొరకక అరుగు మీద ఒరిగిన కూలీకిని, బిడ్డను ఆసుపత్రిలో చేర్చి మెట్ల మీద రాత్రి గడుపు తల్లికిని, అటువంటి చిన్న భాగమునే చట్టబద్ధముగా ప్రత్యేకించినచో, ఆశ్రయము ఏ అధికారి దయకును, ఏ విపత్తు రాకకును ఎదురుచూడవలసిన అవసరముండదు. 1908 వరద పిమ్మట ఈ నగరము చూపిన దూరదృష్టి నేడు రూపొందవలసినది బడ్జెటులో ఏటేటా తప్పక కనిపించు ఒక పద్దుగానే.