సీసపు గుండు దిగే లోతు

వేసవిలో పైనీళ్ళు వేడెక్కగానే మిషిగన్ సరస్సులో లేక్ ట్రౌట్ చల్లదనం కోసం లోతుకి దిగిపోతుంది. అందుకే వేటకెళ్ళే చిన్న పడవ అంచున డౌన్‌రిగ్గర్ బిగిస్తారు: ఒక చక్రం, దానికి చుట్టిన ఉక్కుతీగ, చివర నాలుగైదు కిలోల సీసపు గుండు. గాలం దారాన్ని గుండు దగ్గర క్లిప్పుతో తగిలించి పడవని మెల్లగా నడుపుతారు. చేప పట్టిందా, క్లిప్పు ఊడి దారం విడివడుతుంది.

1950ల నడిమికి ఈ సరస్సులో పట్టడానికి ఆ చేపే లేదు. నయాగరా జలపాతాన్ని తప్పించి ఓడలు నడిపేందుకు తవ్విన వెల్లండ్ కాలువ, రక్తం పీల్చే సీ లాంప్రేకి కూడా దారిచ్చింది. 1936లో అది మిషిగన్ చేరింది. వలల వేటా తోడై, ఇరవయ్యేళ్ళలో ట్రౌట్‌ని తుడిచిపెట్టేసింది.

1958 నుంచి ఈ మహాసరస్సుల్లో కలిసే వాగుల్లో లాంప్రే పిల్లల్ని చంపే మందు కలుపుతున్నారు. ట్రౌట్ పిల్లల్ని పెంచి వదులుతున్నారు. కోవిడ్ వల్ల 2020, 2021ల్లో మందు తగ్గిందో లేదో, లాంప్రే మళ్ళీ పెరిగింది.