క్రినిత్సా చిత్రశాల

పోలండ్ దక్షిణాన కొండల నడుమ క్రినిత్సా అనే ఊరుంది. ఖనిజ జలాలు తాగి ఆరోగ్యం కుదుర్చుకోవడానికి జనం వచ్చే చోటు. అక్కడ రోమానూఫ్కా అనే పాత చెక్క ఇంట్లో 1995లో ఒక చిన్న చిత్రశాల వెలసింది. అది ఒకే ఒక్క చిత్రకారుడిది. అందరూ పిలిచిన పేరు నికిఫోర్.

1895లో ఒక నిరుపేద లెమ్కో స్త్రీకి పుట్టాడు. లెమ్కోలు ఆ కొండల్లోని చిన్న జాతి, వారి భాష వేరు, చర్చి వేరు. అతనికి మాట స్పష్టంగా వచ్చేది కాదు. గురువంటూ ఎవరూ లేరు. చిత్తుకాగితాల మీద, సిగరెట్ పెట్టెల అట్టల మీద నీటిరంగులతో చర్చిలూ, రైలు స్టేషన్లూ, పీఠాధిపతి వేషంలో తననూ గీసుకుని, వీధిలో కూర్చుని విడిదికి వచ్చినవారికి అమ్ముకునేవాడు. చాలామందికి అతడు వట్టి బిచ్చగాడు. 1932లో అతని బొమ్మలు పారిస్ ప్రదర్శనకు వెళ్ళినా అతని బ్రతుకేమీ మారలేదు.

1947లో ప్రభుత్వం లెమ్కోలను కొండల నుండి పెకలించి దూర ప్రాంతాలకు తరలించింది. నికిఫోర్‌నూ పంపారు. అతడు తిరిగి క్రినిత్సాకే చేరుకున్నాడు!

1960లలో అధికారులు ఇచ్చిన పత్రాల్లో అతడు నికిఫోర్ క్రినిత్స్కీ, అంటే క్రినిత్సా వాడు. 1968లో ఆ పేరుతోనే పోయాడు. లెమ్కోలు పట్టుబట్టగా, 2003లో న్యాయస్థానం అసలు పేరు ఎపిఫానియుష్ ద్రోవ్న్యాక్ అని తేల్చింది.

చిత్రశాల మాత్రం నికిఫోర్ పేరుతోనే ఉంది. తప్పనను, బొమ్మలమ్మింది ఆ పేరు మీదే కదా. కానీ వాటిలో ఉల్లిగడ్డ గోపురాలతో నిలిచిన చర్చిల్లో ఎన్నో లెమ్కోలవి. ఆ సంగతి చెప్పేది రెండో పేరే.