పచ్చబడ్డ కళ్ళ వెనుక

ఇంట్లో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే చాలు, "కామెర్లమ్మా, పసరు పోయించండి" అంటారు పెద్దవాళ్ళు. ఆ పచ్చదనం జబ్బు కాదు, లోపలి జబ్బుకి గుర్తు మాత్రమే. ఆ లోపల ఏం జరుగుతోందో చూసి తీరాలని పట్టుబట్టిన ఒక డాక్టరమ్మ గురించి ఈవేళ చెప్పుకుందాం.

ఆమె పేరు షీలా షెర్లాక్. 1918లో డబ్లిన్‌లో పుట్టి, ఇంగ్లండులో పెరిగారు. ఆ రోజుల్లో లండన్ వైద్య కళాశాలల్లో ఆడపిల్లలకి సీటు దొరకడం గగనం. అందుకని ఎడిన్‌బరో వెళ్ళి, 1941లో అందరికంటే ప్రథమంగా నెగ్గి పట్టా పుచ్చుకున్నారు. తీరా ఆస్పత్రి ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి, ఆడది కనుక ఇవ్వమన్నారు! లియర్‌మంత్ అనే శస్త్రవైద్యుడు ఆమెను సహాయకురాలిగా తీసుకున్నారు గనుక సరిపోయింది. 1942లో లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రిలో డాక్టర్ జాన్ మెక్‌మైకేల్ దగ్గర చేరారు.

అది యుద్ధకాలం. సైనికుల్లో కామెర్లు ఎక్కువగా ఉండేవి. పైత్యరసం పోయే గొట్టానికి జిగురు అడ్డుపడటం వల్ల కామెర్లు వస్తాయని పాత నమ్మకం. చనిపోయినవాళ్ళ కాలేయమైతే కోసి చూడవచ్చు. మరి బతికున్నవాళ్ళది? రోగి కుడి పక్కటెముకల నడుమ సూది గుచ్చి, దారప్పోగంత కాలేయం ముక్క తీసి, సూక్ష్మదర్శినిలో పెట్టి చూశారు వీరు. లోపల రక్తస్రావమైతే ప్రాణం మీదికొచ్చే పని అది. 1943లో ఫలితాలు ప్రకటించారు. తప్పు గొట్టంలో లేదు, దెబ్బతిన్నవి కాలేయ కణాలే!

1955లో కాలేయ వ్యాధులపై ఆమె రాసిన గ్రంథం ఎందరో వైద్యులకి పాఠ్యపుస్తకమైంది. 1959లో రాయల్ ఫ్రీ ఆస్పత్రి వైద్య కళాశాలలో ఆచార్యపదవి అందుకున్నారు. బ్రిటన్‌లో వైద్యశాస్త్రానికి ప్రొఫెసరైన మొదటి మహిళ ఆమే. ఆ కళాశాల 1874లో ఆడవాళ్ళ కోసమే వెలసినది కావడం ఇంకో విశేషం.

ముఖ్యంగా నడివయసు స్త్రీలకి వచ్చే జబ్బొకటుంది. ఒళ్ళంతా దురద పెడుతూ, కాలేయాన్ని మెల్లమెల్లగా పాడుచేస్తుంది. దాని ఆనవాలు రక్తంలోనే దొరుకుతుందని 1965లో డెబోరా డోనియాక్ అనే మరో శాస్త్రజ్ఞురాలితో, తోటివారితో కలిసి వెల్లడించారు. దాంతో పొట్ట కోసి వెతికే బాధ చాలామందికి తప్పింది.

1983లో పదవీ విరమణ చేసి, 2001లో కన్నుమూశారు షెర్లాక్. ఇద్దరు ఆడపిల్లల తల్లి కూడా ఆమె.

ఈసారి ఇంట్లో ఎవరి కళ్ళయినా పచ్చబడితే, పసరుకి పరుగెత్తకండి. డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి. లోపల ఏముందో చూశాకే మందు. ఆమె జీవితమంతా చెప్పింది ఇదే కదా!