చదివి నేర్చుకొను యంత్రము

చదువుట వేరు, చదివిన దానిని నమ్ముట వేరు. బడిపిల్లవానికి ఈ భేదమును ఉపాధ్యాయుడు నేర్పును. యంత్రమునకు నేర్పువారెవరు?

కంప్యూటరుకు లోకజ్ఞానము కల్పింపవలెనని 1984లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున డగ్లస్ లెనాట్ 'సైక్' అను పథకమును ప్రారంభించెను. వానలో నడచినవాడు తడియునను సామాన్య విషయములను గూడ నిపుణులు ఒక్కొక్కటిగా వ్రాసి యంత్రమునకు అందించిరి. ఏండ్ల తరబడి శ్రమించినను లోకజ్ఞానమునకు అంతు కనబడలేదు.

1992లో మార్టీ హెర్స్ట్ అను శాస్త్రజ్ఞురాలు వేరొక మార్గము చూపెను. 'మామిడి, జామ వంటి పండ్లు' అని యున్నచో, ఆ పేర్లను మునుపెన్నడు నెరుగని యంత్రము కూడ అవి పండ్లని గ్రహింపగలదు. 'వంటి' అను మాటయే దానికి ఆధారము. ఆమె పరిశోధించినది ఆంగ్ల వాక్యములనే యైనను, సూత్రము మన భాషకును వర్తించును.

ఈ సూత్రమును విస్తరించి, 2010 జనవరిలో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున టామ్ మిచెల్ బృందము 'నెల్' అను యంత్రవిద్యార్థిని చదువునకు కూర్చుండబెట్టెను. నగరము, క్రీడాకారుడు మొదలగు 123 వర్గములను, వాని మధ్య 55 సంబంధములను, ఒక్కొక్కదానికి 10 నుండి 15 ఉదాహరణములను మాత్రమే దానికి ముందుగా ఇచ్చిరి. రేయింబవళ్ళు ఇంటర్నెట్టులోని పుటలను చదివి క్రొత్త విషయములను గ్రహించుట, నిన్నటికంటె నేడు మెరుగుగా చదువుట దాని నిత్యకృత్యములు. 67 దినములలో అది 2,42,453 విషయములను సేకరించెను. వానిలో సుమారు 74 శాతము సరియైనవని అంచనా వేసిరి.

తక్కిన తప్పుల మాటేమి? ఆంగ్లమున 'కుకీ' యనగా బిస్కత్తు వంటి తినుబండారము. ఇంటర్నెట్టు వాడునపుడు కంప్యూటరులో నిలుచు చిన్న దస్త్రమునకు గూడ అదే పేరు. ఈ రెండవ దానిని సైతము నెల్ తినుబండారముగా భావించెను. ఇంటర్నెట్టు కుకీలను తుడిచివేసితినని ఎవరో వ్రాసిన వాక్యమును అది చదివియుండెను. తరువాత ఫైళ్ళను తుడిచివేసితినను వాక్యము కనబడగానే, ఫైళ్ళు కూడ తినుబండారములేయని తలచెను! ఒక తప్పు పదింటిని కన్నది. తాను నేర్చినదే తనకు గురువైనపుడు సంభవించు ప్రమాదమిదియే.

దీనిని నివారించుటకు నెల్‌లో కొన్ని కట్టుబాట్లు ముందే కలవు. వాక్యముల పోకడ, పుటలలోని పట్టికలు, పదముల రూపము, తర్కసూత్రములు అను నాలుగు సాక్ష్యములను అది పోల్చి చూచును. నగరమైనది మనుష్యుడు కాజాలదు వంటి నియమములు కూడ దానికి కలవు. అయినను అవి చాలలేదు. తొలి ఆరు మాసముల పిమ్మట పరిశోధకులే రెండు వారములకొకసారి, ఒక్కొక్క వర్గమునకు సుమారు 5 నిమిషములు వెచ్చించి తప్పులను దిద్దిరి. ఆ కొద్దిపాటి దిద్దుబాటు ఎంతయో మేలు చేసెను. 2015 నాటికి నెల్ నమ్మకముల సంఖ్య 8 కోట్లు దాటెను. వానిలో ప్రతిదానికిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలుపు కొలత జతపరచబడియుండెను.

నేటి భాషాయంత్రములు నెల్‌కంటె ఎన్నియో రెట్లు చదివినవి. అయినను చదివిన దానిలో నిజమేదో, దిద్దవలసినదేదో తేల్చుకొనుట వానికిని సమస్యయే. గ్రంథములెన్ని యున్నను, తప్పు దిద్దు గురువు అవసరము తీరలేదు.