అన్న మాట, అందవలసిన మాట

అభిధ, లక్షణ, వ్యంజన అనే శబ్దవృత్తులను ఏటేటా నల్లబల్ల మీద వ్రాసి బోధించిన తెలుగు పండితుణ్ణి నేను. అయినా వ్యంజన అంటే ఏమిటో నాకు తెలియజెప్పినవాడు గిలకలదిండి నుంచి బడికి వచ్చే ఒక జాలరి పిల్లవాడు.

"పరీక్ష ఫీజు తెచ్చావా?" అని అడిగాను. "మా నాన్న వేటకెళ్ళలేదండీ" అన్నాడు. "నేనడిగినది మీ నాన్న సంగతి కాదురా" అని గద్దించాను. తరగతి గొల్లుమన్నది. మరునాటి నుంచి వాడు రాలేదు. వాయుగుండం పట్టి పడవలన్నీ రేవులోనే ఉన్నాయనీ, వేట లేని నాడు ఆ ఇళ్ళలో రూపాయి ఆడదనీ నాకు తరువాత తెలిసింది. వాడు నా ప్రశ్నకు సూటిగానే బదులు చెప్పాడు. విననిది నేను.

ఇటువంటి మాటలను గురించి ఆంగ్ల తత్త్వవేత్తలు గత శతాబ్దిలో విశేషంగా చర్చించారు. మాట అనడమంటే ఒక పని చేయడమేనని ఆస్టిన్ 1955లో హార్వర్డులో ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసాలు అతని మరణానంతరం 1962లో గ్రంథమైనాయి. శ్రోత అక్షరార్థాన్ని దాటి వక్త ఉద్దేశాన్ని ఎలా చేరుకుంటాడో గ్రైస్ 1967లో అక్కడే వివరించాడు. భోజనాల బల్ల వద్ద "ఉప్పు అందించగలరా?" అన్న ప్రశ్నను సెర్ల్ 1975లో విశ్లేషించాడు. రూపానికి అది సామర్థ్యాన్ని గురించిన ప్రశ్న, నిజానికి అభ్యర్థన. "అందించగలను" అని చెప్పి ఊరకున్నవాడు ప్రశ్నకు జవాబిచ్చినట్లే గాని, మాటను విన్నట్లు కాదు. నేను చేసినదీ అదే.

మన ఆలంకారికులు ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. 9వ శతాబ్దిలో కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మగా ప్రతిపాదించాడు. 11వ శతాబ్దివాడైన మమ్మటుడు 'ప్రొద్దు క్రుంకినది' అన్న చిన్న వాక్యాన్ని ఉదాహరించాడు. పశువుల కాపరికి అది మందను ఇంటికి మళ్ళించమనడం, కూలివానికి పని చాలించమనడం, అభిసారికకు బయలుదేరమనడం. వక్త, శ్రోత, సందర్భం మారితే అర్థమూ మారుతుంది. అయితే వీరు వెదికినది ప్రధానంగా కావ్యసౌందర్యం, వారు పరిశీలించినది నిత్యవ్యవహారం. రెండూ ఒకటేనని నేననను.

ఈ రెండు లోకాలూ ఎదురుపడిన చోటు మా బందరే. ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబ్' నౌక 1611లో ఇక్కడికి చేరింది. వర్తకం దుబాసీల నోట నడిచింది. మన షావుకారు "చూద్దాం లెండి" అంటే అది అంగీకారమో, నిరాకరణమో దుబాసీయే తేల్చుకోవలసి వచ్చి ఉంటుంది. మాటకు నిఘంటువు ఉంటుంది గాని ఉద్దేశానికి ఉండదు గదా! 1843లో రాబర్ట్ నోబుల్ ఇక్కడ ఆంగ్ల పాఠశాల నెలకొల్పాడు. నాటి నుంచి ఆ భాష మర్యాదలను బందరు పిల్లలు వల్లె వేస్తూనే ఉన్నారు. మన మర్యాదలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వస్తాయి. వెళ్ళేటప్పుడు "వస్తాను" అంటాము. డబ్బా ఖాళీ అయితే "బియ్యం నిండుకున్నాయి" అంటాము. లేమిని లేమిగా చెప్పుకోవడానికి మనకు నోరు రాదు. ఆ పిల్లవాడు మాట్లాడినది ఆ భాషే.

గడువు దాటిన రెండవనాడు గిలకలదిండి వెళ్ళాను. తండ్రి వల బాగుచేసుకుంటున్నాడు. "వాడికి చదువెందుకు లెండి మాస్టారూ, పడవ మీదకి మనిషి కావాలి" అన్నాడు. ఈసారి విన్నాను. "ఫీజు గడువు ఇంకా దాటలేదండీ" అన్నాను. దాటినదని ఆయనకూ తెలుసు. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత తలెత్తకుండానే, "అయితే రేపు పంపుతాను" అన్నాడు. ఇద్దరి మధ్యా డబ్బు మాట రాలేదు.

మిత్రులారా, మీ ప్రాంతాలలో ఇటువంటి పలుకుబళ్ళు ఉంటే తెలుపగలరు. 'గలరు' అన్నందుకు మీ సామర్థ్యాన్ని శంకించానని అనుకోరు గదా!